బండి లేవనీ

మా మామయ్య బండి ఎక్కినవాళ్లు ముందు నోరు మూసుకోవాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు గానీ ఆ ఇంట్లో దీన్ని మించిన నియమం లేదు. మామయ్య తాళం తిప్పుతాడు. ఇంజను గొంతు సవరించుకుంటుంది. బండి మాత్రం కదలదు. రాత్రంతా పొట్ట నేలకానించి పడుకున్నది కదా, ముందు లేవాలి. గేదె లేచినట్టు మొదట వెనక భాగం లేస్తుంది, లోపల కూర్చున్నవాళ్లం కాస్త ముందుకు ఒరుగుతాం. తర్వాత ముందు భాగం లేస్తుంది, మళ్లీ సమంగా కూర్చుంటాం. అప్పుడొక చిన్న నిట్టూర్పు వినిపిస్తుంది. అది బండిదో మామయ్యదో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఆ తర్వాతే ఎవరైనా మాట్లాడాలి, ఆ తర్వాతే బండి కదలాలి.

నేనేమో బస్ డిపోలో టైమ్‌కీపర్ని. మెడలో ఈల, చేతికి గడియారం. బస్సు బయల్దేరడం కాస్త ఆలస్యమైతే నా నోటి నుంచి ఏం వస్తుందో డిపోలో కుక్కలకు కూడా తెలుసు. ఆ ఇంటి గడపలో నేను అడుగు పెట్టగానే మా పెద్దమ్మ, "ఒరే తమ్ముడూ, గడియారం వచ్చిందిరా" అని కేకేస్తుంది. అలాంటిదాన్ని ఆ బండిలో కూర్చోబెట్టి మాట్లాడొద్దంటే ఎలా ఉంటుంది? కాళ్లు కాలిన పిల్లిలా ఉంటుంది.

"నీ బండి లేచేలోపు నా బస్సు పొలిమేర దాటిపోతుంది మామయ్యా" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"దాటనీ. అక్కడ గతుకుల్లో లోపలున్నవాళ్లని అదేం చేస్తుందో కూడా నాకు తెలుసు" అన్నాడు, అద్దంలోంచి పెద్దమ్మ వంక చూస్తూ.

బండి పేరు సిట్రోయెన్. ఆ పేరు పలకడానికి నోరు తిరగక మా వీధివాళ్లు కప్పబండి అన్నారు. ముందునుంచి చూస్తే నిజంగానే కప్ప. పొడుగాటి మూతి, పక్కలకు పెట్టిన కళ్లు, వెనక్కి పోనుపోను సన్నబడే ఒళ్లు. రంగు ఒకప్పుడు తెలుపు. ఇప్పుడది పాలమీగడ రంగు అని మామయ్య అంటాడు. పాతబడింది అని నేనంటాను.

మామయ్యది గాజు ఊదే పని. కాలేజీ ప్రయోగశాలల్లో, మందుల ఫ్యాక్టరీల్లో వాడే సన్నటి గొట్టాలు, వంపు మెడల సీసాలు, కొలజాడీలు చేస్తాడు. ఇంటి వెనక గదే కార్ఖానా. మంట రంగు చూసి గాజు వేడి తెలుసుకోవాలి కాబట్టి ఆ గదిలో ఎప్పుడూ మసక వెలుగే. నీలం మంటలో గొట్టాన్ని రెండు చేతులా తిప్పుతూ ఉంటాడు. కాసేపటికి గాజు తేనెలా సాగుతుంది. అప్పుడు ఒక చివర నోట పెట్టుకుని ఊదుతాడు. బుగ్గలు పొంగవు, ఉబ్బవు. ఊపిరి ఎక్కడినుంచో, పాదాల దగ్గర్నుంచి తెచ్చినట్టు మెల్లగా వదులుతాడు. గొట్టం మధ్యలో ఒక బుడగ పుడుతుంది. చిన్నప్పుడు నేను ఆ బుడగను చూస్తూ చూస్తూ అక్కడే గోడకానుకుని నిద్రపోయేదాన్ని. నాకు ఓపిక ఉన్న కాలం అదొక్కటే.

మంట ముందు మామయ్య రాయి. మంట దగ్గర్నుంచి లేచాడంటే గాలికి ఊగే ఆకు. ఎవరైనా గట్టిగా తలుపు కొడితే ఉలిక్కిపడతాడు. కొత్తవాళ్లు వస్తే మాట తడబడుతుంది. ఆస్పత్రి వాసన తగిలితే చాలు, చేతులు వణుకుతాయి. ఎందుకో చెప్పాలంటే పెద్దమ్మ సంగతి చెప్పాలి.

పెద్దమ్మ ఆయనకు అక్క. మా అమ్మ వాళ్లిద్దరికీ చెల్లెలు. ఆ కార్ఖానా మా తాతది. పెద్దమ్మ పని గాజు మీద గీతలు గీయడం. గొట్టానికి పల్చగా మైనం పట్టించి, సూదితో గీతలు, అంకెలు గీసి, గాజును తినే ఆసిడ్ పూస్తుంది. మైనం లేచిన చోట గాజు సన్నగా చెక్కుకుపోతుంది. తర్వాత మైనం కరిగించి, గీతల్లో నల్లరంగు రుద్దుతుంది. మామయ్య ఊదినంతవరకు అది ఉత్త సీసా. పెద్దమ్మ గీత గీశాకే అది కొలత. ఈ మాట మామయ్యదే.

పడుచుతనంలో ఒక రోజు, అటక మీదున్న గొట్టాల పెట్టె అందించమని మామయ్య అడిగాడు. పెద్దమ్మ నిచ్చెనెక్కింది. నిచ్చెన జారింది. చేతిలో పెట్టె వదిలేసి దూలం పట్టుకుని ఉంటే దెబ్బ తప్పేది. వదల్లేదు. పెట్టెను పొట్టకు హత్తుకుని వెల్లకిలా పడింది. గొట్టం ఒక్కటి కూడా పగల్లేదు. పెద్దమ్మ నడుము పగిలింది.

నెలల తరబడి మంచం మీదుండి లేచింది. నడిచింది. పనిలో కూర్చుంది. కానీ కుదుపు మాత్రం పడదు. నేల మీద తన కాళ్లతో తాను నడిస్తే ఏమీ కాదు. చక్రాల మీద కూర్చుని వీధి చివరిదాకా వెళ్తే చాలు, కళ్లు తిరిగి, పెదాలు నల్లబడి, రెండు రోజులు పడుకునేది. బస్సు, అద్దె కారు, ఏదైనా అంతే. క్రమంగా ఆమె లోకం వెనక గది, వంటిల్లు, వరండా, వరండాలోంచి కనిపించే దీపస్తంభం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ నిచ్చెన మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మామయ్య అంతకంటే ఎత్తడు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "బండి లేవడానికే సరిపోతోంది నాకు" అంటాడు. బండి రాకముందు ఏమనేవాడో నాకు తెలియదు.

ఇక బండి ఎలా వచ్చిందంటే, గాజు వల్లే వచ్చింది. మామయ్య తన సరుకు తానే చేర్చేవాడు. గడ్డి పరిచిన పెట్టెలో సర్ది, అట్టముక్కలు అడ్డం పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. దారంతా చెవులు పెట్టెలోనే. టింగుమంటే ఒకటి పోయిందని లెక్క. ఒక ముసురు రోజు, పెట్టె పట్టుకుని వానలో నిలబడి ఉంటే, తెలిసిన కంటి డాక్టరొకాయన తన కారు ఆపి ఎక్కమన్నాడు. మామయ్య ఎక్కాడు. రోడ్డు గుంతలమయం. అద్దాల మీద వాన. లోపల మాత్రం చప్పుడు లేదు. పెట్టెలోంచి టింగు లేదు, టంగు లేదు. మామయ్యకు అనుమానం వచ్చింది. దిగాక గేటు దగ్గరే పెట్టె విప్పి చూసుకున్నాడట, గొట్టాలు ఇంట్లోనే మరిచిపోయి ఖాళీ పెట్టె తెచ్చానేమోనని. అన్నీ ఉన్నాయి, పెట్టినవి పెట్టినట్టే.

"ఇదేం బండండీ" అని అడిగాడట, మాట తడబడకుండా.

"స్ప్రింగులు లేని బండి. నూనె మీదా గాలి మీదా నడుస్తుంది. బాగుచేసేవాడు దొరకడు, అదే దీంతో చిక్కు" అన్నాడు డాక్టరు.

ఆ డాక్టరు ఊరు మారి వెళ్లేటప్పుడు బండిని కొనే నాథుడు లేకపోయాడు. మెకానిక్కులందరూ దాని పేరెత్తితేనే దణ్ణం పెట్టారు. మామయ్య తెచ్చుకున్నాడు. లారీలోంచి ఇంటి ముందు దింపేసరికి అది నేలకు కరుచుకుని పడి ఉంది. వీధివాళ్లు చుట్టూ చేరారు. చచ్చిన బండిని కొనుక్కొచ్చాడని ఒకరు, కుడితిలో పడ్డ ఎలుక అయ్యాడని ఒకరు. మామయ్య లోపల కూర్చుని తాళం తిప్పాడు. బండి ఊపిరి పీల్చుకుని, వెనక లేచి, ముందు లేచి, నిలబడింది. వీధి మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. వరండాలో కుర్చీలో ఉన్న పెద్దమ్మ మాత్రం ముందుకు వంగింది.

ఆమెను ఎక్కించడానికి మామయ్యకు వారాలు పట్టింది. రోజూ చెప్పేవాడు, రోజూ ఆమె తల అడ్డంగా ఊపేది. చివరికి తాను ఊదిన పల్చటి బుడగొకటి తెచ్చాడు. ఉల్లిపొర కంటే పల్చన. దాన్ని వెనక సీటు మీద ఉత్తినే, కింద గుడ్డ కూడా లేకుండా పెట్టి, ఊరంతా తిప్పి తీసుకొచ్చాడు. తలుపు తీసి చూపించాడు. బుడగ పెట్టిన చోటే ఉంది. పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, చెప్పులు వేసుకుంది.

ఆ రోజు నేను ముందు సీట్లో ఉన్నాను. పెద్దమ్మ వెనక కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతుల్తో సీటు పట్టుకుని కూర్చుంది. బండి లేచింది. మామయ్య పోనిచ్చాడు. దీపస్తంభం దాటాం. గుంతలున్న మలుపు దాటాం. రైలు పట్టాలు దాటాం. కాలవ పక్క రోడ్డెక్కాక, వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఇంకా బయల్దేరలేదేంట్రా?"

మామయ్య బండి పక్కకు ఆపి, దిగి, వెనక తలుపు తీశాడు. పెద్దమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా కాలవ. అవతలి గట్టున పొద్దు వాలుతోంది. ఆమె చూసి చూసి, "నీళ్లు ఇంత వెడల్పుంటాయని మరిచేపోయాను" అంది. మామయ్య తలుపు పట్టుకుని పెద్దగా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఇంట్లో టైముకి వస్తానని చెప్పి వచ్చాను కాబట్టి గడియారం కూడా చూసుకున్నాను. అలాంటిదాన్ని నేను.

తర్వాత ప్రతి ఆదివారం బండి బయల్దేరేది. ఎక్కడికని లేదు. కాలవ గట్టు, పాత మిల్లు, రేవు, ఇళ్లు పల్చబడి పొలాలు మొదలయ్యే చోటు. లోపల కూర్చుంటే రోడ్డు మీద పోతున్నట్టుండదు, ఎవరో మెత్తటి చేతుల మీద మోసుకుపోతున్నట్టుంటుంది. చెట్లే వెనక్కి నడిచిపోతాయి. సంధ్యవేళ దీపాలు వేస్తే, మలుపు తిరగబోయే ముందే బండి కళ్లు అటు తిరిగి చూసేవి. పెద్దమ్మకు అది భలే ఇష్టం. "దీనికి మనకంటే ముందే తెలుస్తుంది" అనేది. ఆమె కల గంటున్నట్టు మాట్లాడేది ఆ బండిలో. ఇంట్లో ఉప్పూ పప్పూ తప్ప మాట్లాడని మనిషి, వెనక సీట్లో తల వాల్చి, ఎప్పుడో చిన్నప్పటి వాన గురించి, తాను ఎక్కని రైలు గురించి చెప్పేది. తాను గీతలు గీసిన గొట్టాలు ఇప్పుడు ఏ గదుల్లో ఉన్నాయో, వాటిలో ఏ రంగు నీళ్లు ఎంతదాకా ఎక్కాయో అనేది. నేను నిద్రలోకి జారుతూ వినేదాన్ని.

మామయ్య ఎప్పుడూ చెప్పే కథ మాత్రం ఒకటే, ఆ బండి చేసిన కంపెనీ కథ. అంతా తన కళ్లముందే జరిగినట్టు, తానే పక్కన నిలబడి సుత్తి అందించినట్టు చెప్పేవాడు. కంపెనీ పెట్టినాయన పడుచుతనంలో బాణం మొనల్లాంటి పళ్లున్న చక్రాలు చూసి మనసు పారేసుకున్నాడట. అలాంటి చక్రాలు చేసే పనితోనే పైకొచ్చాడు. బండి మీదుండే రెండు బాణం మొనలూ అవే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు చేశాడు. యుద్ధం అయిపోగానే అదే ఫ్యాక్టరీలో కార్లు మొదలుపెట్టాడు. పారిస్‌లో ఈఫిల్ టవర్ మీద నిలువునా తన పేరు దీపాలతో రాయించాడు. ఏళ్లపాటు ఊరంతా ఆ పేరు కింద నిద్రపోయింది. చివరికి కంపెనీ చేజారి టైర్లు చేసేవాళ్ల పాలయింది. ఆ మరుసటి ఏడే ఆయన పోయాడు.

"దీపాలు ఆర్పేసినప్పుడు ఆయన ఎటు చూశాడంటావురా?" అని పెద్దమ్మ ప్రతిసారీ అదే చోట అడిగేది.

"ఎటు చూస్తాడక్కా, నేల చూపులు చూసి ఉంటాడు."

"పాపం" అనేది పెద్దమ్మ, మొన్ననే పోయిన మనిషికి అన్నట్టు.

తర్వాత గుడ్ల కథ. రైతు బండిలో గుడ్ల బుట్ట పెట్టుకుని దున్నిన పొలంలోంచి వెళ్తే ఒక్క గుడ్డు కూడా పగలకూడదని, ఆ కంపెనీవాళ్లు చిన్న కారొకటి చేశారు. దాని తర్వాత వచ్చింది మా కప్పబండి. పారిస్ ప్రదర్శనలో తెర తీసిన రోజే వేలమంది నాకంటే నాకని ఎగబడ్డారు. "గుడ్లు పగలకుండా వాళ్లు చేశారు. గాజు పగలకుండా నేను నడుపుతున్నా" అని మామయ్య ముగించేవాడు. ఎన్నిసార్లు విన్నానో. మొదట్లో విసుగొచ్చేది. పోను పోను, ఎక్కడైనా ఒక మాట తప్పితే నేనే దిద్దేదాన్ని.

అలాగని ఆ బండితో కాపురం పూలపాన్పేమీ కాదు. ఆకుపచ్చటి నూనె ఒకటుంటుంది, అది తప్ప ఇంకేది పోసినా లోపలి రబ్బర్లన్నీ పాడవుతాయి. చక్రానికొకటి చొప్పున ఇనుప గోళాలుంటాయి. గోళంలో సగం గాలి, సగం ఆ నూనె, మధ్యలో ఒక రబ్బరు పొర. బండి మెత్తదనమంతా ఆ గాలిలోనే ఉంది. ఏళ్లు గడిస్తే గాలి మెల్లగా తప్పించుకుంటుంది. అప్పుడు బండి లేవడమైతే లేస్తుంది, కానీ నడక కట్టెలా ఉంటుంది. ఆ గోళాల్లో మళ్లీ గాలి నింపేవాడు మా చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. ఆయన చేతులు ఎన్నిసార్లు కడిగినా పచ్చగానే ఉండేవి కాబట్టి మాకు పచ్చనూనె మేస్త్రీ. బండి కింద పడుకుని గంటలు గంటలు దానితో గొణుక్కునేవాడు. అడిగితే సమాధానం బండికే చెప్పేవాడు, మాకు కాదు.

పోయిన చలికాలం బండి గట్టిపడింది. కాలవ రోడ్డు మీద ఒక గతుకులో పెద్దమ్మ "అమ్మా" అంది. అంతే, మామయ్య అక్కడికక్కడే వెనక్కి తిప్పేశాడు. మేస్త్రీ అప్పటికి వేరే ఊళ్లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కబురు పెడితే వచ్చాడు. గోళాలన్నీ విప్పి సంచీలో వేసుకుని, గాలి నింపే సరంజామా అక్కడుందని పట్టుకెళ్లాడు. కప్పబండి షెడ్డులో పొట్ట మీద పడుకుంది. తాళం తిప్పినా లేవని స్థితి అదే మొదటిసారి.

సరిగ్గా ఆ వారమే పెద్దమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. మొదట అరగలేదంది. తర్వాత జ్వరం, వాంతులు. ఇంటికొచ్చిన డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, పిత్తాశయం వాచిందనీ, వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలనీ, ఆలస్యమైతే లోపలే పగిలి ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పింది. అంబులెన్సుకి ఫోన్ కూడా ఆమే చేసింది.

"నేను రాను" అంది పెద్దమ్మ.

పెద్దాస్పత్రికి వెళ్లే రోడ్డు ఆ నెలంతా పైపుల కోసం తవ్విపోశారు. మా బస్సులే ఆ దారిలో వెళ్లి వచ్చాక దుమ్ము కక్కుతున్నాయి. పెద్దమ్మకు ఆ సంగతి నా నోటివెంటే తెలిసింది. "ఆ దారిలో ఆ డొక్కు బండిలో పడి చచ్చేకంటే ఇక్కడే, నా మంచం మీదే పోతాను. మన బండి బాగయ్యాక వస్తానే" అంది.

"బండి బాగవడానికి వారం పడుతుంది పెద్దమ్మా. నీకు వారం లేదు" అన్నాను. నేను మెత్తగా చెప్పలేను. చెప్పడం రాదు.

ఆమె గోడవైపు తిరిగింది. మామయ్య మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతులు రెండూ వణుకుతున్నాయి. ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకుని ఆపాలని చూస్తే రెండూ కలిసి వణికాయి. "అక్కా" అన్నాడు. మళ్లీ, "అక్కా" అన్నాడు. పెద్దమ్మ మెల్లగా ఇటు తిరిగి ఆ చేతుల్ని చూసింది. చాలాసేపు చూసింది. మంట ముందు ఏనాడూ వణకని చేతులవి.

"సరే పదండి" అంది.

మధ్యాహ్నపు ఎండలో అంబులెన్సు వచ్చి గుమ్మం ముందు ఆగింది. స్ట్రెచరు మీద పడుకోబెట్టి లోపలికి తోశారు. నేనొక పక్క, మామయ్య ఒక పక్క. అంతమాత్రానికే పెద్దమ్మ ముఖం సున్నం కొట్టినట్టయింది. డ్రైవరు తలుపు వేసి, వెళ్లి తన సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. గేరు వేయబోయాడు.

"ఆగు నాయనా!" అన్నాడు మామయ్య.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. మామయ్య అరచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు, మాట్లాడొద్దన్నట్టు. ఒళ్లంతా చెవులు చేసుకుని ఇంజను వింటున్నాడు.

"ఇంకా లేవలేదు" అన్నాడు.

"ఏం లేవలేదు పెద్దాయనా?"

"బండి. లేవనీ."

డ్రైవరు నా వంక చూశాడు. ఈయనకు కూడా మంచం కావాలా అన్నట్టుంది ఆ చూపు. నా నోటిదాకా వచ్చేసింది, 'మామయ్యా, ఇది మన బండి కాదు, ఇది లేవదు, నీకేమైనా మతిపోయిందా' అని. ఈల ఊదబోయేటప్పుడు ఛాతీ నిండా గాలి పీల్చినట్టు పీల్చాను కూడా. అప్పుడు నా మణికట్టు మీద వేడివేడి వేళ్లు పడ్డాయి. పెద్దమ్మవి.

"వాడన్నది నిజమే" అంది, నొప్పిని పళ్ల మధ్య బిగబట్టుకుంటూ. "ఇంకా లేవలేదు." తర్వాత నాకు మాత్రమే వినిపించేలా, "నువ్వు లేపవే" అని కళ్లతో కిందికి చూపించింది.

స్ట్రెచరు పక్కన రెండు పిడులున్నాయి, ఒకటి కాళ్లవైపు ఎత్తడానికి, ఒకటి తలవైపు. నేను తలవైపు పిడి మీద చెయ్యి వేశాను. పెద్దమ్మ కనీకనిపించకుండా తల అడ్డంగా ఊపింది. నాకు తట్టింది. మన బండి ముందు లేచేది వెనక భాగం కదా. కాళ్లవైపు పిడి తిప్పాను, మెల్లగా, నాకు చేతనైనంత మెల్లగా. ఆమె కాళ్లు కాస్త లేచాయి. తర్వాత తలవైపు. ఆమె భుజాలు లేచాయి, ముఖం కిటికీలోంచి పడుతున్న ఎండలోకి వచ్చింది. మామయ్య ఇంజను మీది చెవి తీయకుండా అక్క ముఖమే చూస్తున్నాడు. ఆ ముఖం పైకి వస్తున్నకొద్దీ ఆయన ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. వణుకు ఆగింది.

అప్పుడొక చిన్న నిట్టూర్పు వినిపించింది. ఈసారి ఎవరిదో నాకు తెలుసు. పెద్దమ్మది.

"ఆఁ. లేచిందిరా తమ్ముడూ. పోనిమ్మను" అంది.

"పోనీ నాయనా" అన్నాడు మామయ్య.

డ్రైవరు మంచివాడు, ఏమీ అడగలేదు. బండి కదిలింది. వీధి దాటగానే తవ్విన రోడ్డు మొదలైంది. నా కడుపులో పేగులే కదిలిపోయాయంటే ఆమెకెలా ఉండి ఉంటుందో ఊహించలేను. ఊహించను కూడా. ఆమె ఒక చెయ్యి నా చేతిలో ఉంది. ప్రతి గుంతకూ ఆ గోళ్లు నా అరచేతిలో దిగాయి. రెండో చెయ్యి మామయ్య చేతిలో ఉంది. అది మాత్రం మెత్తగా, నిద్రపోతున్నట్టు ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. బండి ఒక పెద్ద గోతిలో పడి లేచింది. లోపలున్నవన్నీ ఎగిరిపడ్డాయి. మామయ్య ఉలిక్కిపడి, "అక్కా!" అన్నాడు.

పెద్దమ్మ కళ్లు తెరవకుండానే, "ఇంకా బయల్దేరలేదేంట్రా?" అంది.

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మామయ్య నవ్వాడు. ఆస్పత్రి చేరేదాకా నేను గడియారం చూసుకోలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మధ్యలో భయపెట్టిన రోజులున్నాయి గానీ, పెద్దమ్మ గట్టిది. ఇంటికి పంపించే నాటికి మేస్త్రీ గోళాలు తెచ్చి బిగించి వెళ్లాడు. కప్పబండి ఆస్పత్రి గుమ్మంలోకి వచ్చింది. నడిపింది నేను. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి కాబట్టి అక్క పక్కనే కూర్చుంటానని మామయ్య తాళాలు నా చేతికిచ్చాడు. ఇన్నేళ్లలో ఆ తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వడం నేను చూడలేదు.

తాళం తిప్పాను. వెనక లేచింది. ముందు లేచింది. నిట్టూర్పూ వినిపించింది. ఇక మామయ్య పోనిమ్మనాలి. అనలేదు. అద్దంలో చూశాను. ఆయన తన మోకాళ్లు చూసుకుంటున్నాడు.

"అక్కా" అన్నాడు చివరికి. "ఆ రోజు అంబులెన్సు లేవలేదు కదా."

నేను ఊపిరి బిగబట్టాను.

"ఎందుకు లేవలేదు?" అంది పెద్దమ్మ. "లేచింది."

"అది లేచే బండి కాదక్కా. తర్వాత ఆలోచించాను. స్ప్రింగుల బండి అది. నేనే తికమకపడి..."

"పడుకున్నది నేనా నువ్వా?"

"నువ్వే."

"మరి నాకు తెలీదూ? లేచింది" అంది పెద్దమ్మ, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంటూ. "ఆ నిచ్చెనప్పుడు కూడా అంతేరా. నువ్వనుకున్నంత దెబ్బేం తగల్లేదు."

ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరైనా పైకి అనడం అదే మొదలు. మామయ్య అక్క చేతిని తీసి తన ఒళ్లో, ఒకప్పుడు గొట్టాల పెట్టె పెట్టుకున్నట్టు, రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. వెనక ఇంకేదో బండి హారన్ కొట్టింది. నేను కదల్లేదు. వాళ్లిద్దరూ కుదుటపడేదాకా బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాను.

కాసేపయ్యాక, "పోనీ అమ్మాయ్" అన్నాడు మామయ్య. పోనిచ్చాను.